తిరిగొచ్చినవి అనే ఫోల్డరు

కాటాల షాపు, ముందు గది
జూన్, మొదటి వారం

బావమరిదికి,

క్షేమ సమాచారాలు అడగడం లేదు. ఇతరుల క్షేమం చెడగొట్టి వెళ్ళినవాళ్ళు సాధారణంగా బాగానే ఉంటారు. మొన్న ఫోన్లో మనం అరుచుకున్న అరుపులకు షాపులో ఉన్న మనుషులు బేరం ఆపి నా మొహం చూశారు. మీ అక్క వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కుని, "ఇకమీద మీరిద్దరూ తిట్టుకోవాలంటే కాగితం మీద తిట్టుకోండి. నా చెవులు నాకు ఇంకా పనికొస్తాయి" అంది. ఆ తీర్పు ప్రకారం ఈ ఉత్తరం.

విషయం సూటిగా చెబుతాను. నువ్వు పెట్టె సర్దుకుని వెళ్ళిన రోజునుంచి షాపు కంప్యూటర్లో ఒక్క మెయిలూ దిగలేదు. మెయిలు ప్రోగ్రాము తెరిస్తే చాలు, మధ్యలో ఒక చిన్న గడి లేచి పాస్‌వర్డు అడుగుతుంది. ఇస్తాను. కాదంటుంది. మళ్ళీ ఇస్తాను. మళ్ళీ కాదంటుంది. నా షాపులో, నా కుర్చీలో కూర్చున్న నన్నే నువ్వెవరని నిలదీస్తోంది. ఇది నువ్వు వేసి వెళ్ళిన తాళం కాక మరేమిటి?

ఇది ఏ నెలో నీకు గుర్తు చెయ్యనక్కర్లేదు. పెద్దాసుపత్రి పసిపిల్లల వార్డులో కాటాల తనిఖీ ఏటా ఈ నెలలోనే. ఆసుపత్రివాళ్ళు మనిషిని పంపరు, బతిమాలరు. మెయిలు పంపుతారు. జవాబు రాకపోతే ఇంకొకరిని పిలుచుకుంటారు. మా నాన్న చేతిమీదుగా మొదలైన పని అది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళలో సగంమంది తల్లి ఒడి తర్వాత మొట్టమొదట పడుకున్నది మన షాపు సీలున్న పళ్ళెంలోనే. ఆ పని నా హయాంలో చెయ్యి జారిపోతే దానికి కారణం నువ్వేనని నలుగురినీ నిలబెట్టి మరీ చెబుతాను.

తాళం తియ్యి. అంతకు మించి నీతో నాకు పని లేదు.

బావ

తమ్ముడూ, గదిలో కిటికీ సరిగ్గా మూసుకుంటుందా? వానలు మొదలయ్యాయి. తలకు తువ్వాలు చుట్టుకోకుండా తిరగకు. — అక్క


అద్దె గది, బస్సు డిపో వెనక వీధి
జూన్, రెండో వారం

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. అందులో ఒక ప్రశ్న, కొన్ని ఆరోపణలు ఉన్నాయి. ముందుగా ప్రశ్న.

నేను తాళం వెయ్యలేదు. వెళ్ళేరోజు నా ఫోన్లోంచీ లాప్‌టాప్‌లోంచీ షాపు మెయిలు ఖాతా తీసేశాను. రేపు ఈ మాట వస్తుందని తెలుసు కనుక, అక్కను పక్కన నిలబెట్టుకునే తీశాను. ప్రోగ్రాము పాస్‌వర్డు అడుగుతోందంటే, దానికి గుర్తున్నదీ అవతల సర్వరు దగ్గర ఉన్నదీ ఒకటి కాదని అర్థం. అంటే ఎవరో మార్చారు. నేను మార్చలేదు. అక్కకు ఖాతా పేరే తెలియదు. ఇక మిగిలింది ఎవరో మీరే ఆలోచించుకోండి. నేను గుమ్మం దాటగానే, దూరాన కూర్చుని మీ మెయిళ్ళు చదువుతానన్న అనుమానంతో, మీరు ఫోన్లో కొత్త పాస్‌వర్డు పెట్టుకున్నారు. కంప్యూటరుకు మాత్రం పాతదే ఇస్తున్నారు. అది వద్దంటుంటే నన్ను తిడుతున్నారు.

సరిచేసే పద్ధతి కింద రాస్తున్నాను. కాగితం కీబోర్డు పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటి అయ్యాక పెన్సిలుతో టిక్కు పెట్టండి.

ఒకటి: ప్రోగ్రాములో సెట్టింగులు తెరిచి, భద్రపరిచిన పాస్‌వర్డులు అన్నచోటికి వెళ్ళండి.

రెండు: అక్కడ షాపు ఖాతా పేరు రెండుచోట్ల కనిపిస్తుంది. వచ్చే మెయిలుకు ఒకటి, వెళ్ళే మెయిలుకు ఒకటి. రెండూ తీసెయ్యండి. ఒకటే తీస్తే మెయిళ్ళు వస్తాయి కానీ మీ జవాబులు గడప దాటవు. అప్పుడు దానికీ నన్నే అంటారు.

మూడు: ప్రోగ్రాము మూసి తెరవండి. అడిగినప్పుడల్లా కొత్త పాస్‌వర్డు ఇచ్చి, "గుర్తుంచుకో" అన్నచోట టిక్కు పెట్టండి.

నాలుగు: కొత్త ఖాతా చేర్చవద్దు. అంతా పాడైంది, మొదటినుంచి పెడదాం అని మీకు తోస్తుంది. తోచనివ్వకండి.

ఐదు: ఫోల్డర్ల జోలికి పోవద్దు. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చూసి అంగళ్ళవి "అంగళ్ళు" లోకి, ఆసుపత్రివి "ఆసుపత్రి" లోకి, మిల్లులవి "మిల్లులు" లోకి వాటంతట అవే వెళ్ళేటట్టు నేను పెట్టిన ఏర్పాటు ఇంకా పనిచేస్తుంది.

ఇక ఆరోపణలు. నేను ఎందుకు వెళ్ళానో మీరు ఊళ్ళో వేరేగా చెబుతున్నారని విన్నాను. కారణం ఒక్క ఫోల్డరు. మనం బాగుచేసి పంపాక తేడా చూపిస్తున్నాయని వెనక్కి వచ్చే కాటాల మెయిళ్ళకు "తిరిగొచ్చినవి" అని ఒకటి చేశాను. ఎందుకు వస్తున్నాయో తెలుసుకోవడానికి చేశాను. మీరు అది చూసి, పిండిమిల్లు యజమాని ఎదురుగా, "నా తప్పులకు గోదాము కట్టావా? జీతగాడివి, జీతగాడిలా ఉండు" అన్నారు. ఇన్నేళ్ళుగా తనిఖీ చీటీ మీద నా సంతకం పెట్టనివ్వకపోయినా నోరెత్తలేదు. ఆ మాటకు మాత్రం ఎత్తాను.

ఇట్లు,
మాజీ జీతగాడు

అక్కా, కిటికీ మూసుకుంటుంది.


కాటాల షాపు, ముందు గది
జూన్, చివరి వారం

జాబితాల దొరకి,

నీ కాగితం మీ అక్క చదివి వినిపించింది, టిక్కులూ తనే పెట్టింది. మెయిళ్ళు దిగాయి. పాస్‌వర్డు సంగతంటావా, నా ఖాతా, నా ఇష్టం, వారానికొకసారి మార్చుకుంటాను. దానికి నీకు సంజాయిషీ ఇవ్వను.

కానీ నువ్వు ఒక దారి మూసి ఇంకో దారి తెరిచే రకమని నాకు తెలుసు. మెయిళ్ళు దిగిన మర్నాడు ఆసుపత్రి ఫోల్డరు చూద్దామని దాని మీద మౌసు పెట్టి నొక్కాను. నొక్కానో లేదో, అది కళ్ళముందే మాయమైంది! ఎవరో అవతలి నుంచి లాక్కున్నట్టు పోయింది. మీ అక్కను కేకేశాను.

"ఏదీ, ఎక్కడుండేది?" అంది.

"అంగళ్ళ కింద, ఆ దిక్కుమాలిన ఫోల్డరు పైన."

"మధ్యలో ఏమీ లేదే."

"అదేగా నేను మొత్తుకుంటున్నది!"

"మొత్తుకుంటే వస్తుందా, వాడికి రాయండి" అంది. అందుకే రాస్తున్నాను.

ఇంకొకటి. ఆ దిక్కుమాలినదాన్ని తీసెయ్యమని ఆనాడే చెప్పాను. తియ్యకుండా వెళ్ళావు. ఇప్పుడది లావాటి అక్షరాలతో నా ఎదుట నిలబడి ఉంది. పక్కన ఒక అంకె. అది నిన్నటికి ఇవాళ పెరిగింది. ఈ మధ్య నా దగ్గరికి వెనక్కి వచ్చిన కాటా ఒక్కటీ లేదు. మరి అంకె ఎలా పెరుగుతోంది? నువ్వక్కడ కూర్చుని, ఎప్పుడెప్పటివో తవ్వి తీసి, నా మొహాన కొడుతున్నావు. పొద్దున్నే కంప్యూటరు తెరిచేసరికి ముందుగా నా కంట పడాల్సింది అదా? ఎదురుగా ఉండి అనలేని మాటలు ఫోల్డరు చేత అనిపిస్తున్నావు. మగవాడివైతే ఎదుటికి రా.

ఆసుపత్రి ఫోల్డరు వెనక్కి ఇవ్వు. మిగతాది నీ దగ్గరే ఉంచుకో.

బావ

ఆయన మూడు కాగితాలు చింపి నాలుగోదాని మీద ఇది రాశారు. మొదటి మూడూ నాకే చదవడానికి రాలేదు. — అక్క


అద్దె గది, బస్సు డిపో వెనక వీధి
జులై, మొదటి వారం

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు.

ఎదుటికి రమ్మన్నారు. రాను. రావడానికి నాకిక అక్కడ కుర్చీ లేదు. నా కుర్చీలో కాగితాల కట్టలు పెట్టారని అక్క చెప్పింది.

మీ ఫోల్డర్లను నేను ముట్టుకోలేను. కోపంతో అంటున్న మాట కాదు. పాస్‌వర్డు లేనిదే ఇక్కడినుంచి అక్కడికి చెయ్యి చాపే దారి లేదు. ఆ పాస్‌వర్డు మీరు మార్చేశారు. నన్ను అనుమానించి మీరు చేసిన పనే ఇప్పుడు నా తరఫున సాక్ష్యం చెబుతోంది.

ఫోల్డరు ఆవిరైపోదు. ఉంటే ట్రాష్‌లో ఉండాలి, లేదా మరో ఫోల్డరు కడుపులో ఉండాలి. ఎలా వెళ్ళిందో నాకు ఇంకా అంతుపట్టలేదు. ముందు ట్రాష్ తెరిచి చూడండి. అక్కడ లేకపోతే ప్రతి ఫోల్డరు పేరుకూ ఎడమ పక్కన చిన్న బాణం గుర్తు ఉందేమో చూడండి. అది ఉంటే దాని లోపల ఇంకొక ఫోల్డరు ఉన్నట్టు. బాణం నొక్కితే విచ్చుకుంటుంది. "తిరిగొచ్చినవి" తో సహా అన్నీ చూడండి. దాన్ని వదిలెయ్యాలని మీకు బుద్ధి పుడుతుంది. వదలకండి.

ఇక ఆ అంకె. అది తప్పుల లెక్క కాదు. మీరు చదవని మెయిళ్ళ లెక్క. ప్రతిదాన్నీ నేరారోపణగా చదివే మనిషికి ఆ రెంటికీ తేడా కనిపించకపోవడం సహజమే. ఎవరో మీకు ఏదో చెప్పాలని పదేపదే రాస్తున్నారు. అంతవరకే దాని అర్థం.

మీకు పనికిరాని విషయం ఒకటి: ఇక్కడ డిపోలో పార్సిళ్ళ కాటాలు, కూరగాయల బజారు కాటాలు నేనే చూస్తున్నాను. తనిఖీ చీటీ మీద సంతకం నాదే. మొదటిసారి పెట్టబోయినప్పుడు, అలవాటు లేక, మీ సంతకం కోసం ఖాళీ వదిలాను. తర్వాత పెట్టాను.

ఇట్లు,
బావమరిది


కాటాల షాపు, ముందు గది
జులై, రెండో వారం

తమ్ముడూ, అక్షరాలు చూసి కంగారుపడకు. ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. ఎందుకని అడగకు. మధ్యలో వచ్చే తిట్లలో మరీ ఘాటైనవి నేను మింగేస్తాను. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఇక కింద ఆయన మాటలు.

బావమరిదికి,

ట్రాష్ చూశాను. అందులో చెత్తే ఉంది. అంగళ్ళకు బాణం లేదు, మిల్లులకు బాణం లేదు. ఆ దిక్కుమాలినదానికి ఉంది. అది నొక్కను. నొక్కనంటే నొక్కను. నన్ను దానిలోకి దింపడానికే నువ్వు ఇదంతా పన్నావు. ముందు ఆసుపత్రి ఫోల్డరు మాయం చేస్తావు, తర్వాత "అన్నీ చూడండి, అది కూడా చూడండి" అంటావు. నా వెర్రితనం మీద నీకు అంత నమ్మకం ఉంటే పొరపాటు.

నిన్న ఆసుపత్రి స్టోర్‌కీపరు ఫోను చేశాడు. ఎప్పుడూ చెయ్యని మనిషి.

"ఏమండీ, షాపు ఉందా, ఎత్తేశారా?" అన్నాడు.

"అదేం మాటండీ?"

"మెయిలు మీద మెయిలు పంపుతున్నాం. ఉలుకూ పలుకూ లేదు. పసిపిల్లల వార్డు సిస్టరు పొద్దున లేస్తే నా గుమ్మం దగ్గరే నిలబడుతోంది. నేనేం చెప్పను?"

"దేని గురించండీ? తనిఖీ గురించేగా?"

"తనిఖీ తర్వాత. మీరు బాగుచేసి పంపిన కాటా గురించి. అంతా మెయిల్లో రాశాం, చూసుకోండి. ఇక్కడ నోటిమాట చెల్లదు. సోమవారంలోగా కాగితం మీద జవాబు రాకపోతే వేరేవాళ్ళకు రాస్తాను."

పెట్టేశాడు. నాన్న కాలంలో ఆ ఆసుపత్రివాళ్ళు ఇంటి గుమ్మంలోకి వచ్చి, "అయ్యా, తీరిక ఉన్నప్పుడు ఒకసారి" అనేవారు.

ఆ కాటా నువ్వు వెళ్ళాక, మే నెలలో వార్డు ఆయా చంకన పెట్టుకుని తెచ్చింది. పళ్ళెం కదులుతోందంది. నేనే విప్పాను, నేనే బిగించాను, రాళ్ళు పెట్టి తూచి చూశాను. సీలు వేసి, చీటీ మీద సంతకం పెట్టి పంపాను. దానిలో తేడా ఉండే ప్రసక్తే లేదు. ఆ మెయిళ్ళలో ఏముందో నాకు తెలియాలి. సోమవారంలోగా ఆ ఫోల్డరు దాని చోట నిలబడకపోతే, నా ముప్ఫై ఏళ్ళ పేరు నువ్వు తుడిచేశావని నీ డిపోకి వచ్చి మరీ, నీ కొత్త సంతకం చూసి మురుస్తున్న ప్రతివాడికీ చెబుతాను.

బావ

ఆయన మాటలు అయిపోయాయి. ఈ మధ్య ఆయనకు టీ సగం గ్లాసే పోసి ఇస్తున్నాను, తమ్ముడూ. మిగతా సగం మళ్ళీ వెళ్ళి పోస్తాను. ఆయన ఏమీ అడగరు, నేనేమీ చెప్పను. నీకు అర్థమవుతుందనుకుంటాను. — అక్క


బస్సు డిపో, పార్సిళ్ళ కిటికీ దగ్గర
శుక్రవారం

బావగారికి,

ఫోను చేశాను. నా గొంతు విని మీరు పెట్టేశారు. అక్క ఫోను మోగి మోగి ఊరుకుంది. అందుకని ఈ కాగితమూ దీంతోపాటు ఒక చిన్న పెట్టె డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

ఆసుపత్రి ఫోల్డరు మాయం కాలేదు. "తిరిగొచ్చినవి" లోపలికి వెళ్ళింది. ఆ రెండూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మౌసు మీట నొక్కిన వేలు పైకి లేవకముందే మౌసు కొద్దిగా కిందికి కదిలితే, పైన ఉన్న ఫోల్డరు కింది దానిలోకి జారుతుంది. ప్రోగ్రాము దాన్ని మీ ఆజ్ఞ అనుకుంటుంది. అప్పటినుంచి ఆసుపత్రి మెయిళ్ళన్నీ ఆ ఫోల్డరు వెంటే లోపలికి పోతున్నాయి. నేను నింపుతున్నానని మీరు తిట్టిన అంకె అదే. దాన్ని నింపుతున్నది వార్డు సిస్టరు.

మీ మౌసు పాతది. మీట వదులైపోయింది, కింద రబ్బరు అరిగిపోయింది. ముట్టుకుంటే చాలు జారుతుంది. పెట్టెలో కొత్తది ఉంది. బరువైనది, చెయ్యి ఆనితే కదలదు. దాన్ని వాడండి.

బాణం నొక్కండి. ఇవాళే. దానికంటే ముందు వార్డుకు ఫోను చేసి ఆ కాటా పక్కన పెట్టమనండి. మెయిల్లో ఏముందో తర్వాత చదువుకోవచ్చు. అది ఉల్లిపాయలు తూచే కాటా కాదు.

దీన్ని సాయం అనుకోవద్దు. ఆ వార్డులో పిల్లలు మీతో తగాదా పడలేదు కనుక రాస్తున్నాను.

బావమరిది


కాటాల షాపు, ముందు గది
ఆదివారం

బావమరిదికి,

మౌసు ఆ డ్రైవరు చేతికే ఇచ్చి వెనక్కి పంపుతున్నాను. పాతది బాగానే పనిచేస్తోంది. పాడైంది మౌసు కాదని నీకు తెలుసు. తెలిసీ నెపం దానిమీదికి నెట్టావు చూడు, ఇన్నాళ్ళూ నువ్వన్న మాటలన్నిటికంటే అదే ఎక్కువ మండింది. నామీద జాలిపడే అధికారం నీకెవరిచ్చారు? తిట్టు. తిడితే తిరిగి తిట్టగలను. జాలికి ఏం చెయ్యను?

ఇది నేనే రాస్తున్నాను. మీ అక్క రాస్తానంది, వద్దన్నాను. అర్థంకాని చోట ఊహించుకో. ఊహించడం నీకు బాగా వచ్చుగా.

వార్డుకు ఫోను చేశాను. తర్వాత బాణం నొక్కాను. ఆసుపత్రి ఫోల్డరు లోపలే ఉంది. సిస్టరు రాసిన మెయిళ్ళు వరసగా ఉన్నాయి. మొదటిదాంట్లో "దయచేసి" అని ఉంది. రెండోదాంట్లో లేదు. మూడోదాంట్లో అసలు సంగతి ఉంది. ఒక బిడ్డ ఎన్ని పాలు తాగినా బరువు పెరగడం లేదని కాటా చెబుతోందట. ఆ తల్లికి పాలు చాలడం లేదని డాక్టరు అన్నాడు, ఆమె అత్తగారు నానా మాటలూ అంది, ఇంటికి పంపకుండా వార్డులోనే ఉంచారు. చివరికి సిస్టరుకు అనుమానం వచ్చి బిడ్డను పక్క వార్డుకు ఎత్తుకెళ్ళి వేరే కాటా మీద తూచింది. బిడ్డ చక్కగా పెరుగుతోంది. పెరగనిది మన కాటా. అప్పటినుంచి ప్రతి బిడ్డనూ దుప్పట్లో చుట్టి వరండా దాటించి తూకానికి తీసుకెళుతున్నారు, ఈ వానల్లో.

నిన్న నేనే వెళ్ళాను. సిస్టరు నన్ను కూర్చోమనలేదు. "ఆ పిల్ల మూడు రోజులు ఏడ్చిందండీ, బిడ్డకు పాలివ్వలేని దాన్నని. మీకు రాసి రాసి నా వేళ్ళు అరిగాయి" అంది. నేను పెట్టె తెరిచి రాళ్ళు పెట్టబోయాను. చిన్న రాయి పట్టకారులోంచి రెండుసార్లు కింద పడింది. ఆమె వంగి తీసి, తనే పళ్ళెంలో పెట్టడం మొదలుపెట్టింది. చిన్న బరువులు సరిగ్గా చూపిస్తోంది. పెద్ద రాయి పెట్టేసరికి అక్కడే ఆగిపోతోంది. పళ్ళెం మరీ కిందికి దిగకుండా ఆపే మర, అదే ఆ అడుగు స్క్రూ, ఎక్కువ పైకి ఉంది. బరువు పూర్తిగా దిగకముందే పళ్ళెం దానికి ఆనుకుంటోంది.

మే నెలలో రాళ్ళు పెట్టి చూసినప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చూశాక, ఆ మర కొంచెం వదులుగా ఉందనిపించి ఇంకో పావు చుట్టు తిప్పాను. పావు చుట్టు అనుకున్నాను. చెయ్యి ఎంత తిప్పిందో నాకు తెలియదు.

ఇవాళ ఆ దిక్కుమాలిన ఫోల్డరు మొదటినుంచి చివరిదాకా చదివాను. మిల్లువాడిది, మందుల షాపుది, పోస్టాఫీసుది. అన్నీ మరలు బిగించే దగ్గర వచ్చిన తేడాలే. నువ్వు తప్పులు పోగేశావనుకున్నాను. నువ్వు నా చెయ్యి అదుపు తప్పడం ఎప్పుడు మొదలైందో చూసుకుంటూ వచ్చావు. నోటితో ఒక్కమాట చెబితే ఏం పోయేది? నీకు అంతా వరసలో పెట్టడం వచ్చు, నోరు విప్పడం రాదు. నన్ను వెర్రివాణ్ణి చేసింది అదే.

ఆ కాటా మీద వాడరాదని కాగితం అంటించి వచ్చాను. ఆ మర సరిచెయ్యడం నా వల్ల కాదు. సోమవారం అక్కడికి ఎవరో ఒకరు వెళ్ళాలి. చీటీ మీద నా సంతకం ఇక ఆ వార్డులో చెల్లదు. నీది పెట్టు.

దీన్ని బతిమాలడం అనుకోవద్దు.

బావ


బస్సు డిపో, పార్సిళ్ళ కిటికీ దగ్గర
ఆదివారం సాయంత్రం

బావగారికి,

మీ అక్షరాలు చదవగలిగాను.

నోటితో చెప్పలేదన్నారు. చెప్పేవాణ్ణి. ఎందుకు తిరిగొస్తున్నాయో అప్పటికి నాకే ఇంకా తేలలేదు. తేలేలోపు మీరు గోదాము అన్నారు, జీతగాడన్నారు. ఆ తర్వాత చెప్పాలనిపించలేదు. అది మీ తప్పు. చెప్పకపోవడం నాది. ఈ రెంటిలో ఏది పెద్దదో తూచే కాటా మన షాపులో లేదు.

సోమవారం మొదటి బస్సుకు వస్తాను. షరతులు ఇవి. నేరుగా వార్డుకే వెళతాను, షాపుకు రాను. చీటీ మీద నా సంతకం ఉంటుంది, దాని పక్కన మరేదీ ఉండదు. ఆ తల్లి ఇంకా అక్కడే ఉంటే, తప్పు కాటాదని ఆమెకూ ఆమె అత్తగారికీ వినబడేటట్టు మీరు చెప్పాలి, నేను కాదు. "తిరిగొచ్చినవి" ఫోల్డరు తీసెయ్యకూడదు, పేరు మార్చకూడదు. ఇవి మీకు సమ్మతం కాకపోతే వార్డు గుమ్మం దగ్గరే చెప్పండి, అదే బస్సుకు వెనక్కి పోతాను.

మౌసు మళ్ళీ పంపుతున్నాను. జాలి కాదు. వెనక్కి తీసుకోరని కొన్న బిల్లు మీద ఉంది, నేనేం చేసుకోను?

బావమరిది


కాటాల షాపు, ముందు గది
ఆగస్టు, మొదటి వారం

బావమరిదికి,

వచ్చావు, చేశావు, పోయావు. మీ అక్క ఆసుపత్రి గేటు దాకా మంచినీళ్ళ సీసా పట్టుకొచ్చి నిలబడితే, "బస్సు వెళ్ళిపోతుందక్కా" అన్నావట. నామీద కోపాన్ని ఆ సీసా మీద చూపించావు. దాని సంగతి తను నీకు వేరే రాస్తుంది. నేను మధ్యలోకి రాను.

చీటీ మీద నీ సంతకం చూశాను. అక్షరాలు మరీ చిన్నవి. దూరం నుంచి చూస్తే చీమ పాకినట్టుంది. సంతకం అంటే అవతలివాడికి కనబడాలి.

ఆ తల్లితో మాట్లాడాను. అత్తగారు పక్కనే ఉంది, గట్టిగానే చెప్పాను. ఆమె నన్నేమీ అనలేదు. బిడ్డను సరిచేసిన కాటా మీద పెట్టించుకుని, అంకె చూసుకుని, మళ్ళీ చూసుకుని, ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

సిస్టరు మెయిలు పంపింది. ఏటా తనిఖీకి ఆ చిన్న సంతకం ఆయననే పంపమని రాసింది. నిన్ను అడక్కుండానే "సరే" అని జవాబిచ్చాను. కావాలంటే తిట్టుకో. నీ కుర్చీలో కాగితాల కట్టలు నేల మీదికి దించాను. షాపులో చోటు సరిపోవడం లేదని దించాను, వేరే ఏమీ ఊహించుకోవద్దు.

అసలు సంగతి ఇది. చేపల కొట్టువాడి కాటా గుర్తుందా? నువ్వు వెళ్ళే వారం, నువ్వొక్కడివే కూర్చుని బాగుచేసి పంపావు. పళ్ళెం మీద నీళ్ళు పడితే అంకె నిలవడం లేదని నిన్న మెయిలు వచ్చింది. అడుగున రబ్బరు పట్టీ వెయ్యడం మరిచావు. కాటా తెప్పించి విప్పి చూశాను, పట్టీ లేదు. అంటే జాబితాల దొర జాబితాలో కూడా ఒకటి తప్పింది.

ఆ మెయిలును నా చేత్తోనే "తిరిగొచ్చినవి" లోకి లాగాను. నువ్వు పంపిన బరువైన మౌసుతోనే. కుడిచేతి మణికట్టును ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని, నొక్కి, ఊపిరి బిగబట్టి, మెల్లగా కిందికి జరిపి వదిలాను. ఈసారి అనుకున్నచోటే పడింది.

కాటా నీ బల్ల మీద ఉంది. దాన్ని ఇక నేను ముట్టుకోను. వచ్చి చేసుకో.

బావ